గాజుతొట్టిలో ఉప్పునీళ్లు

మా హాస్టల్ టీవీ గదిలో ఒక మూల గాజుతొట్టి ఉంది. అందులో నాలుగు గోబీ చేపలు. ఒక్కొక్కటి వేలెడు కూడా ఉండదు. వాటిని బతికించడానికి మేము పడ్డ పాట్లు ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పుకోవాలనిపించింది.

సంక్రాంతి సెలవులకు నాగాయలంక వెళ్లిన మా తోటివాడు ఉప్పుటేట్లో తొమ్మిది చేపలు పట్టి, ఆ నీళ్లతోనే క్యాన్‌లో పోసి బస్సులో విజయవాడ తెచ్చాడు. సైన్సు మాస్టారు పాత తొట్టి, గాలిమోటారు ఇచ్చారు. కొట్లో కొన్న మేత వేస్తే నీటిపై తేలింది. గోబీలు అడుగున ఇసుకలో కూర్చునే చేపలు, పైకి రాలేదు. మునిగిన మేతను నోట పెట్టుకుని ఉమ్మేశాయి. కదిలేదే వాటికి తిండి అన్నారు మాస్టారు.

ఈలోగా, నీళ్లు తగ్గినప్పుడల్లా మేము ఉప్పు కలిపిన నీళ్లే పోశాం. మూడు చేపలు చచ్చిపోయాయి. ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పు కాదని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. తొట్టి దగ్గర మాత్రం గుర్తు రాలేదు! తినని మేత కుళ్లి మరో రెండు పోయాయి. ఇప్పుడు కుళాయి నీళ్లు ఒక రోజు బకెట్లో ఉంచి, క్లోరిన్ పోయాక పోస్తున్నాం.

మాలో ఒకడి అన్నయ్య రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తాడు. చిన్న సీసాలో ఆర్టీమియా గుడ్లు పంపాడు. గసగసాలకన్నా సన్నం. లీటరు నీటికి సుమారు 30 గ్రాముల ఉప్పు వేసి, గాలి పెడితే 24 గంటలకు పిల్లలవుతాయి. టార్చిలైటు వేస్తే వెలుగు దగ్గర గుమిగూడతాయి. గుడ్డలో వడగట్టి, ఇంకు ఫిల్లరుతో చేప మూతి ముందు వదులుతాం. ఆలస్యం చేస్తే వాటి ఒంట్లో సత్తువ తగ్గిపోతుంది. అందుకే వంతులు వేసుకున్నాం.

ఆరో తరగతిలో కొత్తగా చేరిన తమ్ముడొకడు భోజనం సరిగా చేయకుండా ఎప్పుడూ తొట్టి దగ్గరే కూర్చునేవాడు. ఒకరోజు, “అన్నా, రాయి వెనకాల చిన్నదానికి అందట్లేదు. పెద్దవే తినేస్తున్నాయి” అన్నాడు. మేమెవరం చూడలేదు. భోజనాల వరసలో వాడు రోజూ చివర నిలబడడమూ అంతవరకు చూడలేదు. ఆ రోజే ఫిల్లరు వాడి చేతికిచ్చాం. వరసలో చిన్నవాళ్లను ముందు నిలబెట్టాం.

వేసవి సెలవుల్లో తొట్టిని చూసేవారుండరు. అందుకని నాలుగింటినీ నాగాయలంక తీసుకెళ్లి, పట్టిన ఉప్పుటేట్లోనే వదలాలని తీర్మానించాం. ఆ తమ్ముడూ వస్తానన్నాడు. తొట్టి మాత్రం మీ కోసం ఉంచుతున్నాం, తమ్ముళ్లూ. ముందు మేత సంగతి తెలుసుకోండి. చేపను తర్వాత తెద్దురు గాని!