డే కేర్‌కి వెళ్లే దారి

డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకు డే కేర్ సెంటర్ పెట్టాలంటే అద్దె కంటే ముందు చూడాల్సింది దారి.

దేశంలో 60 దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన అంచనా. చాలామంది ఒంటరిగా బస్సెక్కలేరు, ఆటోవాలాకు ఇల్లెక్కడో చెప్పలేరు.

అందుకే వ్యాను కావాలి.
రోజూ అదే డ్రైవరు, అదే ఆయా, అదే వేళ. కొత్త ముఖం కనిపిస్తే ఎక్కనని మొరాయించేవాళ్లుంటారు. రూటు పొడవైతే మొదట ఎక్కినవాళ్లు ట్రాఫిక్‌లో నలిగిపోతారు. సాయంత్రం గేటు దగ్గర దించేసి వెళ్లకూడదు, ఇంట్లోవాళ్లకు అప్పగించాలి.

వ్యాను దిగాక సెంటర్ గుమ్మం దగ్గర ర్యాంపు కావాలి, దానికి అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవుండాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సెల్లార్ ర్యాంపులు కార్ల కోసం కట్టినవి, చక్రాల కుర్చీకి పనికిరావు.
గుమ్మంలో నల్ల డోర్‌మ్యాట్ వద్దు. కొందరికది గొయ్యిలా కనిపిస్తుంది.

ఇలాంటి వ్యాను నడిపినవాళ్లుంటే రూటు ఎలా వేశారో చెప్పండి.