జూలో తీసిందేనా?

పులిని చూడాలంటే అడవికే వెళ్లాలా? మాదాపూర్‌లో ఓ ఉద్యోగి కెమెరా మాత్రం బహదూర్‌పురా దారి పట్టింది.

సోమవారం పొద్దున మాదాపూర్‌లో ఏ ఆఫీసు క్యాంటీన్‌కైనా వెళ్లి చూడండి. ఇడ్లీ ప్లేటు పక్కన ఓ ఫోను, దాని మీదికి వంగిన నాలుగైదు తలలు కనిపిస్తాయి. వారాంతంలో తడోబా వెళ్లొచ్చినాయన పులిని చూపిస్తుంటాడు. కబిని వెళ్లొచ్చినావిడ చెట్టెక్కిన చిరుతను చూపిస్తుంది. 'ఎంత దగ్గర్నుంచి తీశావ్ గురూ' అంటూ ఒకటే మెచ్చుకోళ్లు. అలాంటి ఓ గుంపులో ఒకాయన ఫోను మాత్రం కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది. అందులోనూ పులే. మీసాల మీద నీటిచుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. కళ్లు సూటిగా మనల్నే చూస్తుంటాయి.

'అబ్బ, ఏ అడవి?'

'బహదూర్‌పురా.'

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. తర్వాత అందరూ నవ్వేస్తారు. 'ఓస్, జూలో తీసిందేనా!'

పులి మారలేదు. ఫొటో మారలేదు. అయినా ఒక్క ఊరి పేరుతో దాని విలువ సగానికి పడిపోయింది. ఎందుకలా? ఆయన ఆరేళ్లుగా శనివారాలు ఖర్చుపెట్టి వెతుకుతున్నది ఆ ప్రశ్నకు జవాబే.

శనివారం సంబరం

ఆయనకు నలభై దగ్గరపడుతున్నాయి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే, ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతికి తేదీతో సహా రాసిపెట్టడం. కెమెరా కొన్నది మాత్రం కూతురి కోసం. పాప నడక నేర్చాక ఫ్రేములో ఆగడం మానేసింది. 2019లో ఓ సెలవు రోజున జూకి తీసుకెళ్తే, ఏనుగు ముందు మాత్రం కదలకుండా నిలబడింది. పాపను తీద్దామని కెమెరా ఎత్తినాయన ఏనుగును తీసుకుంటూ ఉండిపోయాడు. ఆ ఏనుగు పేరు రాణి. 'ఏమండీ, పాప ఫొటో ఒక్కటీ లేదేంటి?' అని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

అడవులకు వెళ్లాలని ఆయనకూ ఉంటుంది. కానీ సఫారీ అంటే సెలవులు దొరకాలి, బస, జీపు, గైడు... ఇంటి అప్పు వాయిదా, స్కూలు ఫీజు కట్టాక మిగిలేదానికి అది అందదు. జూకి అయితే కెమెరాకు విడిగా టికెట్ కొన్నా ఫర్వాలేదు. ఇంటి నుంచి సుమారు 20 కిలోమీటర్లు. మెహిదీపట్నం దాటి ఆరాంఘర్ చేరుకుంటే, 2025 జనవరిలో మొదలైన ఫ్లైఓవర్ జూపార్కు దగ్గర దింపేస్తుంది. సోమవారం జూకి సెలవు. ఆదివారం జనం పోటెత్తుతారు. అందుకే శనివారం, గేటు తెరిచే వేళకు వెళ్తాడు. ఎండ ముదిరాక జంతువులన్నీ నీడకు చేరి కునుకు తీస్తాయి మరి.

నెహ్రూ జువలాజికల్ పార్కుకు 1959లో శంకుస్థాపన జరిగింది. 1963 అక్టోబరు 6న సందర్శకులకు తలుపులు తెరుచుకున్నాయి. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో విస్తరించిన ఈ జూని 'ఒక్క పూటలో చుట్టేశాం' అనేవాళ్లు అసలు చూసినట్టే కాదంటాడాయన. ఒక శనివారానికి ఒక్క ఎన్‌క్లోజరే ఆయన లెక్క.

కంచెను మాయం చేసే విద్య

జూలో ఫొటో తీసేవాళ్లకు మొదటి శత్రువు జాలీ. ఫోకస్ పులి మీద కాకుండా తీగల మీద కూర్చుంటుంది. ఆయన నేర్చుకున్న చిట్కాలు ఏ ఇంట్లో వాళ్లకైనా పనికొస్తాయి. అడ్డుకడ్డీ దాటకుండానే జాలీకి వీలైనంత దగ్గరగా నిలబడాలి. జంతువు జాలీకి దూరంగా వెళ్లేదాకా ఆగాలి. జూమ్ పూర్తిగా పెంచి, లెన్స్ ద్వారం బాగా తెరిచి తీస్తే తీగలు పొగమంచులా కరిగిపోతాయి. అయితే ఆ తీగల మీద ఎండ పడకూడదు. మెరిసే తీగను ఏ లెన్సూ దాచలేదు. అద్దం అడ్డముంటే నల్లటి గుడ్డతో లెన్స్ చుట్టూ కప్పితే మన మొహం అందులో కనిపించదు. ఫ్లాష్ సంగతి మాత్రం మరిచిపోవాల్సిందే. రాత్రి తిరిగే జీవుల కోసం పగలే చీకటి చేసి ఉంచిన నిశాచర జంతుశాలలోనైతే మరీనూ.

తెల్లపులి దగ్గర ఇంకో తిరకాసు. కెమెరా తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందనుకుంటుంది. ఫొటోను బూడిదరంగులోకి దించేస్తుంది. అక్కడ ఎక్స్‌పోజర్ కాస్త పెంచాలి. నల్లటి ఎలుగుబంటి దగ్గర తగ్గించాలి. అన్నిటికన్నా ముఖ్యం, మోకాళ్ల మీద కూర్చోవడం. మన కళ్లు జంతువు కళ్ల ఎత్తుకు వస్తే అది బొమ్మలా కాక ప్రాణిలా కనిపిస్తుంది.

నిజానికి కంచెను కంటికి దాచే ఈ విద్య ఫొటోగ్రాఫర్లు కనిపెట్టింది కాదు. జర్మనీకి చెందిన కార్ల్ హాగెన్‌బెక్ 1907లో హాంబర్గ్ దగ్గర ఓ జూ తెరిచాడు. ఇనుప కడ్డీల బదులు లోతైన కందకాలు తవ్వించాడు. చూసేవాళ్లకు కందకం కనిపించదు, సింహం మాత్రం ఎదురుగా రాళ్ల మీద తిరుగుతుంటుంది. జనం నోరెళ్లబెట్టారు. తర్వాత ప్రపంచంలోని జూలెన్నో ఆ దారి పట్టాయి. మన బహదూర్‌పురాలో కందకం అవతల పులిని చూసి 'అచ్చం అడవిలో ఉన్నట్టే ఉంది' అనుకుంటున్నామంటే, అది ఆ పెద్దమనిషి కనికట్టే.

'అది ఎక్కడికెళ్తోంది నాన్నా?'

కంచె మాయమైన ఫొటోల్లో ఒకటి ఆయనకు చాలా ఇష్టం. తల దించి, భుజాలు కదిలిస్తూ నడిచొస్తున్న పులి. రాజసం అంటే అదే. దాన్ని పెద్దగా ప్రింటు తీయించి హాల్లో పెట్టాడు. పాప చాలాసేపు చూసి అడిగింది.

'అది ఎక్కడికెళ్తోంది నాన్నా?'

ఆ రోజు ఆయన అక్కడ గంటసేపు నిలబడ్డాడు. ఆ పులి కంచె వెంట పన్నెండు అడుగులు వేస్తుంది, తిరుగుతుంది, మళ్లీ పన్నెండు అడుగులు. వచ్చిన దారే, తిరిగిన చోటే. మూసి ఉంచిన చోట జంతువులకు పట్టుకునే అలవాటు ఇది. ఒకే కదలికను పదేపదే చేస్తుంటాయి. అదే వీడియో తీసుంటే ఎవరికైనా తెలిసిపోయేది. ఫొటో ఒక్క అడుగునే పట్టుకుంది. అందుకే నడక రాజసంగా కనిపించింది.

'ఎక్కడికీ లేదమ్మా' అన్నాడు. పాప ఇంకేమీ అడగలేదు.

ఆ ఎన్‌క్లోజర్ దగ్గర పనిచేసే ఓ పెద్దాయనతో ఆ తర్వాత మాట కలిసింది. 'జర ఆగుండ్రి సార్. ఇయ్యాల తిండి ఒక్కతాన పెట్టలే, అక్కడక్కడ దాసిపెట్టినం. ఎట్ల దేవులాడుకుంటదో సూడుండ్రి' అన్నాడాయన. నిజమే, వాసన పట్టి దుంగ వెనక వెతుకుతున్నంతసేపూ ఆ పులికి పన్నెండు అడుగుల సంగతి గుర్తుకే రాలేదు. జంతువుకు తోచుబడి కోసం జూలు చేసే ఏర్పాట్లలో ఇదీ ఒకటి. ఆ రోజు తీసిన ఫొటోలో పులి మొహం కనిపించదు. దుంగ కిందికి దూర్చిన ముంజేయి, పైకి లేచిన తోక... అంతే. అయినా హాల్లో ఇప్పుడున్నది ఆ ఫొటోనే.

ఆయన పద్ధతి కూడా మారింది. దగ్గర నుంచి ఒకటి తీస్తే, కంచెతో సహా కనిపించేలా దూరం నుంచి మరొకటి తీస్తాడు. రెండిటికీ జంతువు పేరు, తేదీ, వేళ రాసిపెడతాడు. టెస్టింగ్ ఉద్యోగం బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇంకో నియమం కూడా ఉంది. చప్పట్లు కొట్టడం, ఈల వేయడం, గులకరాయి విసరడం... 'ఇటు చూడు' అనిపించడానికి జనం చేసే పనులేవీ ఆయన చేయడు, పక్కవాళ్లు చేస్తే ఊరుకోడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ ప్రకారం జూ జంతువులను వేధించడం, వాటికి తిండి పెట్టడం, చప్పుళ్లతో చీకాకు పరచడం నేరం. చట్టం సంగతి అటుంచండి, నిద్రలో ఉన్నవాడిని లేపి ఫొటో తీస్తే మనమైతే ఒప్పుకుంటామా?

ఓ తోడేలు కథ

'తడోబా అని రాసెయ్ బాస్, ఎవరికి తెలుస్తుంది?' ఆఫీసు క్యాలెండరుకు ఫొటోలు పంపమన్నప్పుడు పక్కసీటు మిత్రుడు ఇచ్చిన సలహా ఇది. దరఖాస్తులో 'ఎక్కడ తీశారు' అని ఓ గడి ఉంది మరి.

ఆ గడి ఎంత పెద్దదో ప్రపంచానికి ఓ తోడేలు చెప్పింది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా నిర్వహించే వన్యప్రాణి ఫొటోల పోటీలో 2009లో మొదటి బహుమతి ఓ స్పెయిన్ ఫొటోగ్రాఫర్‌కు వచ్చింది. రాత్రివేళ పశువుల దొడ్డి గేటు మీంచి దూకుతున్న తోడేలు అది. చూసినవాళ్లకు ఊపిరాడలేదు. అది అడవి తోడేలు కాదు, మచ్చికైనది అయ్యుండే అవకాశమే ఎక్కువని న్యాయనిర్ణేతలు తేల్చడంతో 2010 జనవరిలో ఆ బహుమతి రద్దయింది. ఫొటోగ్రాఫర్ ఆ మాట ఒప్పుకోలేదు. ఏదేమైనా తోడేలు అదే, దూకుడు అదే, వెన్నెల లాంటి ఆ వెలుతురూ అదే. కూలిపోయింది ఫొటో కాదు, దాని కింద రాసిన మాట.

మాదాపూర్‌లోనే, కావూరి హిల్స్‌లో, స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. 2015లో మొదలైన ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్‌కు వేదిక అదే. ఆ ప్రదర్శనలకు పాపను తీసుకెళ్తే, ముందు ఫొటో కింద చీటీ చదివి ఆ తర్వాతే తలెత్తి ఫొటో చూస్తుందట. అలాంటి పిల్లను ఇంట్లో పెట్టుకుని 'తడోబా' అని ఎలా రాస్తాడు? గడిలో 'నెహ్రూ జూ, హైదరాబాద్' అనే రాశాడు. క్యాలెండరులో ఆయన పులికి చోటు దక్కలేదు. ఆ నెలలో ఎవరిదో నెమలి వచ్చింది. ఆయన తన పులిని కంచెతో సహా ఉన్న ఫొటోగా తన సీటు దగ్గర అంటించుకున్నాడు.

మిగిలింది ఫొటోయే

జూ ఫొటోను చిన్నచూపు చూసేవాళ్లకు ఆయన చెప్పే సంగతులు రెండున్నాయి. దక్షిణాఫ్రికాలో క్వాగా అనే జంతువు ఉండేది. జీబ్రాకు దగ్గరి చుట్టం. ముందు సగం చారలు, వెనక సగం గోధుమరంగు. వేటకు బలైపోయింది. చివరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. బతికున్న క్వాగాకు ఫొటోలున్నాయా అంటే, ఉన్నాయి. అన్నీ లండన్ జూలోని ఒకే ఒక్క ఆడ క్వాగావి.

రెండోది తాస్మేనియా పులి. ఆస్ట్రేలియాలోని హోబర్ట్ జూలో ఆఖరిది 1936 సెప్టెంబరు 7న కన్నుమూసింది. 1933లో డేవిడ్ ఫ్లే అనే ఆయన అదే జూలో ఈ జాతి జంతువును కదిలే బొమ్మల్లో తీశాడు. తీస్తుండగా అది ఆయన పిరుదు మీద కరిచిందట కూడా! ఆ ఫిల్ములో కంచె కనిపిస్తుంది. ఇవాళ ఆ కంచె ఎవరికీ అడ్డనిపించదు. నోరు ఎంత పెద్దగా తెరిచేదో, ఎలా నడిచేదో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు మిగిలినవి అలాంటి బొమ్మలే. తీసిన రోజున అవీ 'జూలో తీసినవే'.

మన జూలోనూ అలాంటివి గడిచిపోతూనే ఉన్నాయి. 2021 మేలో ఇక్కడి 8 ఆసియా సింహాలకు కరోనా సోకిందని తేలినప్పుడు ఆయన ఇంట్లో కూర్చునే పనిచేస్తున్నాడు. జూ గేట్లు మూతపడ్డాయి. పాత ఫొటోలు తీసి సింహాలను ఒక్కోటీ పాపకు చూపించాడు. అవి కోలుకున్నాయి. మరుసటి నెలలోనే రాణి వెళ్లిపోయింది. 83 ఏళ్ల ఏనుగు. ఇంట్లో దెప్పిపొడిచే ఆ 2019 ఫొటోలకు అప్పటినుంచి విలువ పెరిగింది. అన్నీ పోయేవే కావులెండి. మూషిక జింకల కోసం ఈ జూలోనే 2010లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అటవీశాఖ కలిసి పునరుత్పత్తి కార్యక్రమం మొదలుపెట్టారు. అలా పుట్టినవాటిని ఆమ్రాబాద్ అడవిలో వదిలారు. జూలో ఫొటో దిగిన జాతి అడవికి తిరిగి వెళ్లిందన్నమాట.

ఇక తాబేలు సంగతి. చాణక్య అనే గాలపాగోస్ తాబేలు 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి ఈ జూకి వచ్చింది. 2024 మార్చి 16న, 125 ఏళ్ల వయసులో కన్నుమూసింది. నిజాముల పాలన చూసింది, టెలిఫోన్లు, టీవీలు, సెల్‌ఫోన్లు వచ్చినా తన నడక తాను నడిచింది. దాని ఫొటోలు ఆయన దగ్గర చాలానే ఉన్నాయి. పెంకు మీద గీతలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కానీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద చోటు దక్కింది మాత్రం 2023లో పాప ఫోనుతో తీసినదానికే. కింద తనే చీటీ రాసి అంటించింది: 'చాణక్య. నెహ్రూ జూ. ఆకు తింటోంది.'

ఫొటోలో తాబేలు ముందుకాలు కాస్త మసగ్గా వచ్చింది. ఆయన ఆ మాట అంటే పాప ససేమిరా ఒప్పుకోదు.

'మసక కాదు నాన్నా. అప్పుడది నడిచింది.'