మావయ్య బైబిల్లో లేని పుస్తకం

మా ఇంట్లో రెండు బైబిళ్లు ఉండేవి. నల్ల అట్టది అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. వాళ్లు రాజమండ్రి లూథరన్లు. రెండోది నాన్నగారిది. మేం కొవ్వూరు వైపు వాళ్లం, అక్కడి భాషలో చెప్పాలంటే 'ఆర్సీఎం వాళ్లం'. చూడ్డానికి రెండూ ఒకటే గ్రంథం. లెక్కపెడితే అమ్మ బైబిల్లో 66 పుస్తకాలు, నాన్నగారి దాంట్లో 73.

తేడా లెక్కలోనే కాదు, మాటల్లోనూ ఉండేది. అమ్మమ్మగారింట్లో ఆదివారం 'ఆరాధనకి' వెళ్లేవారు, పాస్టరు గారు వాక్యం చెప్పేవారు. మా ఊళ్లో 'పూజకి' వెళ్లేవాళ్లం, స్వాములవారు దివ్యసత్ప్రసాదం ఇచ్చేవారు. జపమాల, విభూది బుధవారం, తీర్థం, సర్వేశ్వరుడు... ఈ మాటలు వింటే కొత్తవాళ్లకి మేం గుడికెళ్తున్నామో చర్చికెళ్తున్నామో అర్థమయ్యేది కాదు. మేం దాన్ని గుడి అనే అంటాం లెండి.

అమ్మ పెళ్లయ్యాక మా గుడికే వచ్చింది. మార్చిలో గౌరీపట్నం నిర్మలగిరి కొండకి మాతోపాటు నడిచి ఎక్కేది. జపమాల మాత్రం చేత్తో పట్టుకునేది కాదు. మేం మంగళవార్త జపం చెబుతుంటే పక్కన కూర్చుని కళ్లు మూసుకునేది. నాన్నగారు ఎప్పుడూ ఏమీ అనలేదు.

రెండేళ్ల క్రితం ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన వారంలో అమ్మ పోయింది. పోయేముందు "నా గురించి బెంగపెట్టుకోకండి, నేను ప్రభువు దగ్గరికే వెళ్తున్నా" అంది. ఆ మాటలో పుట్టింటి విశ్వాసం నిండుగా ఉంది.

మా పద్ధతిలో పోయినవాళ్ల ఆత్మశాంతికి పూజ పెట్టిస్తాం. నవంబరు 2న సమాధుల పండుగ వస్తోంది కదా, ఆరోజు అమ్మ పేరు మీద పెట్టిద్దామనుకున్నా. మావయ్యకి ఫోన్ చేసి చెప్పాను.

"అమ్మాయ్, పోయినోళ్ల కోసం ప్రార్థన చెయ్యమని బైబిల్లో ఎక్కడుందే?"

"మక్కబీయుల రెండో గ్రంథం, 12వ అధ్యాయం, మావయ్యా."

"మా బైబిల్లో ఆ పుస్తకమే లేదు!"

మావయ్య ఒక్కమాటతో నా నోరు కట్టేశాడు. నా మనసులో అంతకంటే పెద్ద ముల్లు ఉంది. నేను ప్రభువు దగ్గరికే వెళ్తున్నా అని అంత నమ్మకంగా చెప్పి వెళ్లిన మనిషిని ఉత్తరించు స్థలంలో ఉందేమోనని అనుమానించి ప్రార్థించడం, ఆమె విశ్వాసాన్ని అవమానించడం కాదా?

అప్పటినుంచి ఆ ఏడు పుస్తకాల వెంట పడ్డాను. తోబీతు, యూదితు, రెండు మక్కబీయులు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుడి జ్ఞానగ్రంథం, బారూకు. లూథర్ వీటిని విసిరి పారేశాడని మా చిన్నప్పుడు అనుకునేవాళ్లం. నిజానికి 1534లో ఆయన తెచ్చిన పూర్తి జర్మన్ బైబిల్లో ఇవి ఉన్నాయి. లేఖనాలతో సమానం కావు గానీ చదవడానికి మంచివని చెప్పి విడిగా ఒకచోట పెట్టాడు. 1546లో ట్రెంట్ మహాసభ ఇవీ లేఖనాలేనని కతోలికులకు తేల్చి చెప్పింది. 1826లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వీటి ముద్రణకి డబ్బు ఇవ్వకూడదని తీర్మానించింది. బైబిల్ సొసైటీల పుస్తకాలు చదువుతూ పెరిగిన మావయ్యలాంటి వాళ్లకి ఇవి పరాయివైపోయాయి.

మక్కబీయుల గ్రంథంలో యూదా అనే సేనాని, యుద్ధంలో చనిపోయిన తన సైనికుల అంగీల కింద విగ్రహాల తాయెత్తులు చూస్తాడు. వాళ్లు తప్పు చేశారు. అయినా వదిలెయ్యడు. చందా పోగుచేసి, వాళ్ల కోసం పాపపరిహార బలి అర్పించమని యెరూషలేముకి పంపుతాడు. వాళ్లు మళ్లీ లేస్తారన్న ఆశ ఉంది కాబట్టే పంపాడని గ్రంథకర్త అంటాడు. అంటే ఆ ప్రార్థనకి మూలం భయం కాదు, ఆశ. నా ముల్లు అక్కడ కొంచెం కదిలింది.

ఇంకో సంగతి. లూథర్ సహచరుడు మెలాంక్‌థన్ 1531లో రాసిన విశ్వాస సమర్థనలో, పోయినవారి కోసం ప్రార్థించడాన్ని మేం నిషేధించడం లేదని ఉంది. వాళ్ల కోసం పూజలు చేయించి పుణ్యం జమకట్టే పద్ధతినే ఆయన కాదన్నాడు. ఇది చెబితే మావయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం తోబీతు. నీనెవె నగరంలో పరాయి బతుకు బతుకుతున్న ముసలాయన. పండగపూట భోజనానికి కూర్చుంటే, మనవాడొకడి శవం బజార్లో పడి ఉందని కబురొస్తుంది. ముద్ద ముట్టకుండా లేచి వెళ్తాడు. పొద్దుగూకాక పాతిపెడతాడు. చుట్టుపక్కలవాళ్లు నవ్వుతారు. ఆ రాత్రే ప్రహరీ పక్కన పడుకుంటే పిచ్చుకల రెట్ట కళ్లలో పడి చూపు పోతుంది. మంచి చేసినందుకు ఇదా అనిపిస్తుంది. ఇంట్లో డబ్బుండదు, భార్య నేతపని చేసి పోషిస్తుంది, మొగుడూపెళ్లాలకి మేకపిల్ల దగ్గర తగాదా. కొడుకు దూరదేశం వెళ్లి, నదిలో పట్టిన చేప పిత్తంతో తండ్రికి చూపు తెస్తాడు. వెంట ఒక కుక్క కూడా నడుస్తుంది. గోదావరి జిల్లా మనిషికి ఈ కథలో పరాయిది ఏముంది చెప్పండి!

మన పాత కవులకీ అలాగే అనిపించి ఉంటుంది. పింగళి ఎల్లనార్యుడు దీన్ని 'తోభ్యా చరిత్రము' అని పద్యకావ్యం చేశాడు. దానికే 'సర్వేశ్వర మాహాత్మ్యము' అని ఇంకో పేరు.

కథ చివర రఫాయేలు దూత తోబీతుతో అంటాడు: నువ్వు ప్రార్థించినప్పుడూ, శవాల్ని పాతిపెట్టినప్పుడూ నేను అక్కడే ఉన్నానని. ప్రార్థన, పాతిపెట్టడం అక్కడ ఒకే వరసలో ఉన్నాయి. పోయినవాళ్లు తిరిగి ఏమీ ఇవ్వలేరు. వాళ్లకి చేసేదానిలో లెక్క ఉండదు. అమ్మ ఎక్కడుందో తేల్చడానికి నేను పూజ పెట్టించక్కర్లేదు. అన్నం తిన్నావా అని రోజూ అడిగిన మనిషిని, ఇప్పుడు అడగడానికి నాకు మిగిలిన దారి అదొక్కటే. అనుమానంతో కాదు, అలవాటైన ప్రేమతో.

పూజ పెట్టించాను. మావయ్య గుడి లోపలికి రాలేదు. ముందురోజు మాత్రం బస్సు దిగి, బకెట్టూ బ్రష్షూ అడిగి, అక్క సమాధికి సున్నం తానే వేశాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో. బంతిపూలు కూడా తానే తెచ్చాడు.

సాయంత్రం టీ తాగుతూ అన్నాడు: "ఆ ముసలాయన కథ బావుందే. ఉత్తరించు స్థలం మాత్రం నేనింకా ఒప్పుకోను."

"మీ ఇష్టం మావయ్యా" అన్నాను. చేతికంటిన సున్నం ఇంకా పోలేదు ఆయనకి.