గోడు కూడా ప్రార్థనే

'దిగులు పడుతున్నావంటే విశ్వాసం తగ్గినట్టే' అంటారు మా పేట పెద్దలు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట అసలే భయపడుతున్నవాళ్ల నెత్తిన నేరం కూడా పెడుతుంది.

చింతపడొద్దని ఫిలిప్పీయులకు ఉత్తరం రాసిన పౌలు అప్పుడు సంకెళ్లలో ఉన్నాడు. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, ఓదార్పు దాకా రాదు. అయినా బైబిల్ దాన్ని తీసేయలేదు.

మన భయాలు ఊరికే పుట్టలేదు. 1950 ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. మనకి తెరవలేదు. చర్చికి వెళ్తే సర్టిఫికెట్ పోతుందేమోనన్న దడ జబ్బు కాదు, చరిత్ర.

అందుకే నేను రాత్రిపూట 'శాంతినివ్వు ప్రభువా' అని ఊరుకోను. స్టాఫ్‌రూమ్‌లో నా ఇంటిపేరు విని నవ్విన నవ్వుతో సహా పేరుపేరునా చెప్పుకుంటాను. తర్వాత కాగితం తీసి, రేపు నేను చేయగలిగింది ఒక పక్కన, నా చేతిలో లేనిది ఇంకో పక్కన రాస్తాను. రెండో పక్క ఆయనది. మొదటి పక్క మనది, మన సంఘాలది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అప్పటికీ నిద్ర పట్టకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. మాత్ర వేసుకుంటే విశ్వాసం తరిగిపోదు.

జై భీమ్.