చేదెక్కిన దోసకాయ

గత సంవత్సరము ఫాల్గుణమాసమున ఒకనాటి ఉదయము, తొమ్మిదవ తరగతిలో నేను సంధుల పాఠము ప్రారంభింపబోవుచుండగా, ఒక విద్యార్థి లేచి వచ్చి నా బల్లపై ఒక కీరదోసకాయను ఉంచెను. మన పిల్లలు ఉపాధ్యాయులకు వేరుసెనగకాయలో, చింతచిగురో, సీతాఫలములో తెచ్చి యిచ్చుట ఈ ప్రాంతమున క్రొత్త కాదు. అందుచేత నేను సంతోషించి, "తరువాత తిందునులే" అంటిని. ఆ బాలుడు తల వంచుకొని, "ఇప్పుడే కొరికి చూడమన్నాడు సార్, మా నాయన" అనెను. కొరికితిని. వేపాకు నమలినట్లయ్యెను. నా ముఖము చూచి తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు. నేనును నవ్వలేకపోయితిని, ఏలనన ఆ చేదులో నా పాలు కొంత కలదు.

ఆ బాలుని తండ్రి ఏడవ తరగతి వరకు తెలుగులో చదివిన రైతు. తాతలనాటి నుండి వారిది వేరుసెనగ వ్యవసాయము. తిరుమణి ప్రాంతమున 2018లో ప్రారంభమై 13,000 ఎకరములలో వ్యాపించిన సౌరవిద్యుత్ క్షేత్రమునకు భూములు కౌలుకిచ్చినవారికి ఏటేట కౌలుసొమ్ము వచ్చుచున్నది. ఈయన భూమి ఆ హద్దులలోనిది కాదు. వానను నమ్ముకొని అలసి, తనకున్న బోరునీటితో పది గుంటల నేలలో ఒక పాలీహౌసు వేయించెను. సగము సబ్సిడీ, సగము బ్యాంకు అప్పు. ఇనుపగొట్టముల మీద తెల్లని ప్లాస్టిక్ కప్పు, నాలుగు ప్రక్కల సన్నని వల, లోపల బోదెల మీద డ్రిప్పు గొట్టములు. ఊరివారు చూచిపోవుటకు వచ్చెడివారు. ఆరుబయట పంట వానకును ఎండకును తానే సర్దుకొనును. పాలీహౌసులోని పంటకు నీరు, గాలి, నీడ, ఎరువు సమస్తమును మనుష్యుడే సకాలమున అందింపవలెను. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు.

విత్తనములు వచ్చిన దినమున ఆయన మూడు కాగితములు తీసికొని నాయొద్దకు వచ్చెను. విత్తనపు పొట్లముపై ఆంగ్లము. సాగు విధానము తెలుపు కరపత్రము కన్నడము. బ్యాంకు కాగితములలో ఆ రెండును. తెలుగక్షరము ఒక్కటియు లేదు. "సార్, మీరు సదువుకున్నోరు. నిదానంగా సదివి చెప్పండి, నేను రాసుకుంటాను" అని నోటుపుస్తకము తెరచి కూర్చుండెను. నేను అనంతపురమున తెలుగు పండిత శిక్షణ పొందినవాడను. కన్నడము ఇక్కడకు వచ్చిన పిదప నేర్చుకొంటిని. రెండు లిపులును చుట్టములే గనుక చదువుట సులభమే. చదివినదెల్ల తెలిసినట్లు తోచుటయే దానిలోని అపాయము.

కరపత్రమున ఒకచోట "పరాగస్పర్శ అగత్యవిల్ల" అని యుండెను. అగత్యము మనకును తెలిసిన మాటయే. "తేనెటీగలు వచ్చి పుప్పొడి చల్లవలసిన అక్కరలేదు" అని చెప్పితిని. అంతటితో ఊరకుండక నా తెలివిని కొంత జోడించితిని. దోస, సొర, బీర మొదలగు తీగలకు తేనెటీగలు మేలు చేయునని చిన్ననాట చదివిన పాఠము జ్ఞప్తికి వచ్చెను. "అక్కరలేదన్నాడు గాని, వచ్చినచో మంచిదే కదా! ఉదయము ఒక గంటసేపు వల తెర ఎత్తి ఉంచుము" అని సలహా యిచ్చితిని. ఆయన దానిని కూడ శ్రద్ధగా వ్రాసికొనెను. విత్తనపు పొట్లముపై 'పార్థినోకార్పిక్' అను పెద్దమాట యొకటి కనబడెను. అది నాకు తెలియలేదు. తెలియదని ఆయనకు చెప్పక దాటివేసితిని.

మొదటి కోతలు బాగుగనే వచ్చినవట. ఎండలు ముదిరిన పిదప కాయలు వంకరలు తిరిగి, కొన్నింటి కొన ఉబ్బి, కోసినచో గింజలు కనబడుచుండెను. వానిలో అనేకములు చేదు. హిందూపురపు వ్యాపారి ఒకరు రెండుసార్లు ఊరకుండి, మూడవసారి క్రేట్లను అట్లే వెనుకకు పంపెను. ఆ మరునాడే ఆ కాయ నా బల్ల మీదికి వచ్చినది.

ఆ ఆదివారము మా పాఠశాల ప్రయోగశాలనుండి ఉష్ణమాపకమును అడిగి తీసికొని వారి పొలమునకు పోయితిని. మధ్యాహ్నము 2 గంటలకు బయట చెట్టునీడలో 37 డిగ్రీలు. పాలీహౌసులో 43. కీరదోసకు హాయియైన పగటివేడి 25 డిగ్రీలకు అటునిటు మాత్రమే. లోపల నిలిచిన ఐదు నిమిషములకే నా చొక్కా తడిసెను. ఆకులు గొడుగులు ముడిచినట్లు వ్రేలాడుచుండెను. నీటి సంగతి అడుగగా ఆయన, "నీళ్ళకు తక్కువ సేయలేదు సార్. మోటరు కాలి మూడు దినాలు ఆగిపోయింది. నాలుగో దినం దండిగా ఇడిస్తిమి" అనెను. అటువంటివి ఆ నెలలో రెండు పర్యాయములు జరిగినవట.

తోటపంటల శాఖలో పనిచేయు అధికారి ఒకరు మా కోరికపై వచ్చి చూచిరి. ఆయన కాయను కోసి, గింజలు చూచి, మొదట అడిగిన ప్రశ్న "వల ఎవరు ఎత్తిరి మేష్ట్రే?" అనునది. తండ్రియు కొడుకును నావైపు చూడలేదు. అది వారి మర్యాద. నేనే ఒప్పుకొంటిని.

పార్థినోకార్పిక్ అనగా అనిషేక ఫలనము. ఆడపువ్వు పుప్పొడి సోకకయే కాయగా మారును. ఆ కాయలో విత్తనములు గట్టిపడవు. పాలీహౌసు కొరకు ఏర్పరచిన కీరదోసలు సాధారణముగా ఈ జాతివే. అట్టి పువ్వుపై తేనెటీగ ప్రక్క పొలములోని దోసపువ్వు పుప్పొడిని తెచ్చి వేసినచో, కాయలో గింజలు కట్టి కొన ఉబ్బును. ఇంగ్లండులో గాజుయిండ్లలో పెంచెడివారు చిరకాలముగా మగపువ్వులను గిల్లివేసి, ఈగలను రానీయక కాపాడుట, కాయ రూపమును రుచియు చెడునను భయముచేతనే. కనుక కరపత్రములో 'అక్కరలేదు' అని యున్నచోట ఈ పంట విషయమున గ్రహింపవలసిన మాట 'కూడదు' అనునది. 'కూడదు' అనునది కన్నడమునను తెలుగునను ఒక్కటే. ఆ మాటయే అక్కడ ఉండియున్నచో నేను తప్పెడివాడను కాను అని కొంతసేపు కరపత్రమును నిందించితిని గాని, తెలియని మాటను దాటివేసినవాడను నేనే కదా.

"అయినను చేదంతయు ఈగలది కాదు" అని ఆ అధికారి చెప్పిన విషయము పిల్లలు తెలిసికొనదగినది. దోసకుటుంబపు మొక్కలలో కుకుర్బిటాసినులను చేదు పదార్థములు కలవు. మొక్క తన్ను మేయవచ్చు పురుగులనుండియు జంతువులనుండియు కాపాడుకొనుటకు వీనిని తయారుచేసికొనును. హిమాలయపు దిగువ కొండలలో నేటికిని పెరుగు అడవిదోస కాయ చిన్నది, మిక్కిలి చేదు. మన పొలములగట్లపై దొరకు బుడంకాయ పచ్చిగానున్నపుడు చేదుగానుండుట మీకందరకు తెలిసినదే. మన పూర్వులు తరతరములుగా చేదులేని కాయల విత్తనమునే ఎంచి నాటుచు వచ్చుటచే కాయలోని చేదు అణగినది. ఆకులలో మాత్రము ఉండిపోయినది. 2014లో చైనా శాస్త్రజ్ఞులు దోసలో ఈ చేదును పుట్టించు తొమ్మిది జన్యువులను, వానిని ఆకులో మేల్కొలుపునది ఒకటి, కాయలో మేల్కొలుపునది ఒకటి, రెండు అధికార జన్యువులను కనుగొని ప్రకటించిరి. అనగా కాయలో చేదు చచ్చిపోలేదు, నిదురించుచున్నది. మొక్కకు దాహమైనపుడు, వేడి మితిమీరినపుడు, రాత్రి చలి హఠాత్తుగా సోకినపుడు అది లేచును. మూడు దినములు ఎండబెట్టి నాలుగవ దినమున ముంచెత్తుటకంటె దానిని లేపు ఉపాయము వేరొకటి లేదు.

ఈ మాట విని నా మనస్సులోని భారము సగము తగ్గెను. సగము తగ్గలేదు. గింజలు కట్టిన వంకర కాయల నష్టము నాదియే. తెర ఎత్తినందున తెల్లదోమ కూడ లోపలికి వచ్చియుండెను.

ఇక నివారణ సంగతి. అధికారి చెప్పినవానిలో ముఖ్యమైనది నీటి క్రమము. వేసవిలో కాపు మీదనున్న మొక్కకు దినమునకు రెండు లీటర్లకు పైగా నీరు కావలెను. దానిని ఒక్కసారిగా కాక, ఉదయమునుండి మూడు నాలుగు విడతలుగా ఇయ్యవలెను. మోటరు నమ్మదగినది కానిచోట, కొంత ఎత్తున ఒక తొట్టి కట్టి ఒక దినమునకు సరిపడు నీరు నిలువయుంచుట పాలీహౌసుతోపాటే చేయవలసిన పని. మొదటి ఖర్చులో దానిని మానుకొని కప్పునకు మంచి ప్లాస్టికు వేయించుట తప్పుడు పొదుపని నా అభిప్రాయము. బోదెలపై మల్చింగు షీటు పరచినచో తేమ నిలుచును. మిట్టమధ్యాహ్నము కప్పు క్రింద నీడవల లాగి, పైకిటికీలు తెరచి వేడిగాలిని పోనీయవలెను. ప్రక్క వలలు మాత్రము మూసియే యుండవలెను. యూరియా వంటి నత్రజని ఎరువులు అధికమైనను చేదునకు తోడ్పడునందురు. కాయను ముదరనీయక లేతగనే కోయవలెను.

విత్తనము కూడ ముఖ్యమే. ఆకుతో సహా చేదు లేని దోసను గూర్చి హాలండు దేశపు శాస్త్రజ్ఞులు 1959లో ప్రకటించిరి. అట్టి మొక్కల సంతతికి ఎంత దాహమైనను కాయ చేదెక్కదు. విత్తనపు వంగడములను పరీక్షించువారు మొలకెత్తిన రెండు బీజదళములలో ఒకదానిని పంటికొనతో చూచి ఉమిసి, ఇది చేదుజాతి, ఇది కాదు అని చెప్పగలరట. అయితే ఇందొక చిత్రము కలదు. చేదులేని దోసకు ఎర్రనల్లి బాధ ఎక్కువయనియు, చేదు దోసను ఎర్రనల్లి అంతగా ఆశింపదనియు 1971లో అమెరికాలో కనుగొనిరి. ఆ చేదునే వెదకికొని వచ్చు పెంకుపురుగులును ఆ దేశమున కలవు. చేదు ఒకరికి కోట, ఒకరికి విందు! పాలీహౌసులోని పొడివేడిలో ఎర్రనల్లి చెలరేగును గనుక, చేదులేని వంగడమును తెచ్చితిమని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. ఆకుల అడుగుభాగమును వారము వారము చూచుచుండవలెను.

మన యిండ్లలో తల్లులు దోసకాయను తరుగుటకు ముందు చిన్నముక్కను నోట వేసికొని చేదు చూతురు. ఈ ఆచారము మిక్కిలి మంచిది, దీనిని మానవలదు. కొన కోసి ఆ ముక్కతోనే రుద్ది నురుగు తీయుటయు కలదు. నురుగుతో చేదు పోవునని నేను నమ్మను. అయితే తొడిమవైపు ఒక అంగుళము కోసివేసి తొక్క తీయుట మేలే, ఏలనన చేదు తొడిమ దగ్గరను, చర్మము క్రిందను ఎక్కువగా నుండును. లోపలికంతయు చేదు ప్రాకిన కాయను మాత్రము పారవేయవలెను. వండినను ఆ చేదు పోదు. సొరకాయ విషయమున ఇంకను జాగరూకత వలయును. ఆరోగ్యమునకని చేదు సొరరసము త్రాగి మన దేశమున ప్రాణములు కోల్పోయినవారు కలరు. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణులు 2012లో ప్రచురించిన నివేదికలో చేదు రసమును త్రాగరాదని హెచ్చరించిరి. ధైర్యము చూపుటకై పందెము వేసి చేదుకాయలు తిను మగపిల్లలు మా తరగతులలో ఉన్నారని నేనెరుగుదును. వారు ఈ వాక్యములను రెండుసార్లు చదువగోరుచున్నాను.

ఆ తీగలను పీకివేసి, తొట్టి కట్టించుకొని, శ్రావణమాసమున ఆయన మరల విత్తెను. తొట్టికి మరికొంత అప్పు చేయవలసివచ్చినది. ఈసారి కరపత్రమును నేనొక్కడనే చదువలేదు. మా కన్నడ ఉపాధ్యాయులును, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయినియు, నేనును కలిసి కూర్చుండి వాక్యము వాక్యము తెలుగు చేసితిమి. తెలియని ఆరు మాటలను వేరుగా వ్రాసి ఆ అధికారిని అడిగితిమి. ఆ బాలుడు తన దస్తూరితో దానిని పెద్ద అట్టపై వ్రాసి పాలీహౌసు ద్వారమునకు కట్టెను. మొదటి పంక్తి: "తేనెటీగలు లోపలికి రాకూడదు." 'కూడదు' క్రింద ఎర్రసిరాతో గీత.

రెండవ పంట కోతకు వచ్చినపుడు నన్ను పిలిచిరి. వరుస వరుసకు ఒక కాయను కోసి అందరమును రుచి చూచితిమి. తీయగానే యుండెను. చిట్టచివరి రెండు వరుసలకు వచ్చుసరికి మరల ఆ చేదు! తండ్రి ముఖము వాడెను. బాలుడు వంగి డ్రిప్పు గొట్టమును చేతితో తడుముచు పోయి, "ఇక్కడ నీళ్ళు పడడంలేదు సార్" అనెను. మన పావగడ బోరునీటిలోని సున్నము తెల్లగా పేరుకొని రంధ్రములను మూసివేసియుండెను. ఆయన ఒక గుండుసూదిని తెచ్చెను. ఆ సాయంకాలము చీకటి పడువరకు తండ్రి ఒక వరుసను, కొడుకు ఒక వరుసను పట్టుకొని ఆ రంధ్రములను ఒక్కొక్కటిగా పొడిచి విప్పుచుండిరి. నేను దీపము పట్టుకొంటిని.