ముసలివాళ్లు లేని ఊరు

మేం పెరిగిన ఊళ్లో ముసలివాళ్లు ఉండేవారు కాదు. కోతలు కోస్తున్నాననుకోకండి, విశాఖ స్టీల్‌ప్లాంటు కాలనీ ఉక్కునగరంలో పెరిగిన నా ఈడువాళ్లను ఎవరినైనా అడిగి చూడండి. 1980ల్లో స్టీల్‌ప్లాంటులో వరసగా ఉద్యోగాల్లో చేరినవాళ్లంతా అటూ ఇటూగా ఒక వయసువాళ్లే. పెళ్లిళ్లు దగ్గర దగ్గరగా అయ్యాయి, పిల్లలమూ దగ్గర దగ్గరగానే పుట్టాం. ఏ సెక్టారుకెళ్లినా నాన్నల మీసాలన్నీ నల్లగానే ఉండేవి. తాతలూ అమ్మమ్మలూ పండక్కో, పురుడుకో వచ్చి, "ఈ క్వార్టర్లలో పొద్దే పోదమ్మా, పలకరించే మనిషి లేడు" అని సణుక్కుంటూ వెళ్లిపోయేవారు.

ఆ ఊళ్లో మనుషుల్ని పేర్లతో పిలిచింది తక్కువ, డిపార్ట్‌మెంటుతో పిలిచిందే ఎక్కువ. కోక్ ఓవెన్స్ అంకుల్, ఎస్సెమ్మెస్ అంకుల్, మా పైన బ్లాస్ట్ ఫర్నేస్ అంకుల్. ఆయన పనిచేసే ఫర్నేసు పేరు గోదావరి. అంచేత వాళ్లావిడ మాకు గోదావరి ఆంటీ. సి షిఫ్టు చేసొచ్చినవాళ్లు పగలు పడుకుంటారు గనక ఆ కిటికీల కింద క్రికెట్ నిషిద్ధం. అంతకు మించి పెద్దవాళ్లతో మాకు పేచీ ఉండేది కాదు.

ముసలితనం చూడాలంటే రెండు బస్సులు మారి టౌనుకెళ్లాలి. బురుజుపేటలో మా తాత ఇల్లు. పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యాడు. 1933లో పోర్టు తెరిచిన ఏడే పుట్టాడట, "నేనూ పోర్టూ ఒకీడోళ్లం" అనేవాడు. బస్తాలు మోసి మోసి కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయి ఉండేది. పొద్దున్నే అరుగెక్కితే చీకటి పడేదాకా అక్కడే.

మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి గుడి క్యూ సందుల్లోకి వచ్చేసేది. అప్పుడు తాతకు చేతినిండా పని. చుట్టాలు, తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు అందరూ చెప్పులు మా అరుగు కిందే విడిచేవారు. జతకు జత గోనె దారంతో ముడేసి వరసగా పేర్చేవాడు. ఏ జత ఎవరిదో ఒక్కసారి కూడా తడబడేవాడు కాదు. పైగా ఆరాలు: "ఏటమ్మా, కిందటేడు తోలు చెప్పులు, ఈ యేడు రబ్బరువి. మీ ఆయన పన్లోకెల్తన్నాడా?"

వీధిలో ఎవరింట సంబంధం వచ్చినా, గుంటలకు జ్వరం తగ్గకపోయినా తాతనొచ్చి అడిగేవారు. ఆ మాట ప్రకారం చేసేవారా అంటే, చేసేవారు కారు. చేస్తారని తాత కూడా అనుకునేవాడు కాదు. వచ్చి అడిగారు, అది చాలు.

మా ఉక్కునగరంలో మాత్రం ముసలితనానికి తేదీ ఉండేది. అరవై నిండిన నెల, ఆఖరి రోజు. డిపార్ట్‌మెంటులో దండ, శాలువా, రెండు మంచి మాటలు. తోటివాళ్లు కార్లో ఇంటిదాకా దిగబెట్టేవారు. కొన్నాళ్లకు క్వార్టరు ముందు లారీ ఆగేది. జూన్ నెలాఖరున ఈ సందడి మరీ ఎక్కువ. బళ్లో చేర్చుకుంటూ మాస్టార్లు వేసేసిన పుట్టినరోజులు కదా అవి!

మా నాన్న వంతు 2015లో వచ్చింది. అమ్మ వేసిన మామిడిచెట్టు అంతకు ముందు అక్టోబరులోనే హుద్‌హుద్ తుఫానుకు కూలిపోయింది. "అదుంటే నేను కదిలేదాన్ని కాదు" అంది అమ్మ. కూర్మన్నపాలెంలో ఫ్లాటు కొన్నారు. పీఎఫ్ డబ్బు దానికీ, చెల్లి పెళ్లికీ సరిపోయింది. తాతకు పోర్టు పింఛను వచ్చేది, ఆయన పోయాక నాన్నమ్మకూ వచ్చింది. నాన్నది 1995 నాటి ఈపీఎఫ్ పింఛను. అందులో లెక్కకట్టే జీతానికి పరిమితి ఉంది: 2014 సెప్టెంబరు దాకా 6,500 రూపాయలు, ఆ తర్వాత 15,000. అందుకని చేతికొచ్చేది కొద్ది వేలే.

డబ్బు సంగతి నాన్న పెద్దగా ఎత్తడు. పిలుపుల దగ్గరే చిరాకు పడతాడు. నిన్నటిదాకా డబ్ల్యూఆర్ఎమ్ అంకుల్, ఇవాళ వాచ్‌మన్ నోట తాతగారు. ఆర్టీసీలో అరవై దాటినవాళ్లకు టికెట్టులో పాతిక శాతం తగ్గుతుంది. శ్రీకాకుళం వెళ్లే బస్సులో జేబులో ఆధార్ కార్డు పెట్టుకుని కూడా ఫుల్ టికెట్టే తీసుకున్నాడు. అమ్మ ఆ తేడా లెక్కేసి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

2021 జనవరి 27న స్టీల్‌ప్లాంటులో వంద శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. నాన్న వెళ్లాడు. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని ఊరంతా కదిలిన 1966లో ఆయనకు పదకొండేళ్లు. నవంబరు 1న కాల్పులు జరిగిన రోజు తాత తలుపుకు గడియ పెట్టి బయటికి వదల్లేదట. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుందామనుకున్నాడేమో. తీరా వెళ్తే ఒక కుర్రాడు చెయ్యి పట్టుకుని, "పెద్దాయనా, మీరు నీడలో కూర్చోండి" అన్నాడు. నాన్న మొహం మాడిపోయింది. ఆ కుర్రాడే కాసేపాగి, "ఏ డిపార్ట్‌మెంటు సార్ మీది?" అన్నాడు. "వైర్ రాడ్ మిల్లు" అని మొదలెట్టిన మనిషి మధ్యాహ్నం భోజనానికి రాలేదు.

గాజువాక, కూర్మన్నపాలెం వైపు వెళ్లినప్పుడు ఏ టీ కొట్టు దగ్గరో ఇలాంటి పెద్దాయన తగిలితే ఒంట్లో ఎలా ఉందని అడక్కండి. ఏ డిపార్ట్‌మెంటండీ అని అడగండి. అయితే ఒకటి, తీరిక ఉంటేనే అడగండి.