మా అమ్మ అడిగిన మెట్లు



సంఘ కాపరిని గనుక నన్ను తరచుగా గృహప్రతిష్ఠ ప్రార్థనలకు పిలుస్తుంటారు. వాక్యము చదివి, గది గదికీ వెళ్లి ప్రార్థన చేసి, ఆ ఇంటివారితో భోజనం చేసి రావటం నా పని. ఈ ఇరవై ఏళ్లలో దివిసీమలో ఎన్ని కొత్త ఇళ్లలో అలా అడుగు పెట్టానో లెక్క రాసుకోలేదు గాని, ఒక సంగతి గమనించాను. ఇల్లు కట్టించింది కొడుకైనా, డబ్బు పంపింది గల్ఫులో ఉన్న కూతురైనా, ప్లాను గీసింది మచిలీపట్నం ఇంజనీరైనా, ఆ ఇంట్లో ఎక్కడో ఒకచోట వాళ్ల అమ్మ కనిపిస్తుంది. బిందెలు బోర్లించిన తీరులోనో, దీపం పెట్టే గూటిలోనో, గుమ్మం పక్కన వచ్చిపోయేవారి కోసం వేసిన అరుగులోనో. "ఇది ఎవరి ఆలోచన?" అని అడిగితే "మాకు ఇలా అలవాటండీ అయ్యగారూ" అంటారు. ఆ అలవాటు ఎవరు చేశారో వారికి గుర్తుండదు. నాకూ గుర్తు లేకపోయింది. ఈ వ్యాసం దాని గురించే.

నేను పుట్టి పెరిగింది పాలకాయతిప్పలో. కోడూరు దాటి హంసలదీవి మీదుగా వస్తే, మడ అడవుల పక్కన, కృష్ణ నీళ్లు సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉంటుంది మా ఊరు. తిప్ప అంటే దిబ్బ. పేరులో ఎత్తు ఉంది గాని నేలలో అంత లేదు.

1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెన సంగతి ఈ ప్రాంతపు పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. చిన్నవారి కోసం రెండు మాటలు. ఆ రోజు సముద్రం తాటిచెట్టులో సగమెత్తు లేచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. సుమారు 10,000 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఊళ్లలో చెప్పుకునే లెక్క అంతకంటే పెద్దది. అంతకుముందు మా తీరమంతా పాకలూ చుట్టిళ్లే. చుట్టిల్లు అంటే గుండ్రని మట్టిగోడ, దాని మీద తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే వంగితే గాని లోపలికి పోలేము. మూలలు లేని గోడ గనుక గాలి దానిని పట్టుకోలేక పక్కనుంచి జారిపోయేది. మన పూర్వికులు గాలిని ఎరిగి కట్టిన ఇల్లు అది. గాలికి నిలిచింది, నీటికి నిలవలేదు.

నేను ఆ తరువాత రెండేళ్లకు పుట్టాను.

ఉప్పెన తరువాత ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ, క్రైస్తవ సంఘాలూ పక్కా ఇళ్ల కాలనీలు కట్టించాయి. మాకు వచ్చింది అలాంటి ఇల్లే. ఒక గది, ముందు చిన్న వరండా, పైన శ్లాబు. వీధి పొడవునా అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుండేవి. రాత్రిపూట ఒకరి గుమ్మంలోకి ఇంకొకరు పోయేవారని మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు. కాని నాకు ఊహ తెలిసేసరికి ఆ వీధిలో ఏ రెండు ఇళ్లూ ఒక్కలా లేవు. ఆడవాళ్లు మార్చేశారు. ఒకామె వెనక వంటపాక దించుకుంది. ఒకామె సిమెంటు గచ్చు మీద కూడా పేడతో అలికేది, లేకపోతే కాళ్లకు చల్లగా ఉండదట. ఇంకొకామె గోడ అడుగున మూరెడు ఎత్తున జేగురు అంచు తీర్చింది. మా చవిటి నేలలో ఉప్పు పొంగి గోడ పెచ్చులూడుతుంది. ఎర్ర అంచు వేస్తే ఆ మచ్చ కనబడదు. అందం కోసమనుకున్నది అవసరం కోసం, అవసరమనుకున్నది అందం కోసం. ఏది ఏదో విడదీయటం నాకు ఇప్పటికీ రాదు.

మా అమ్మ మార్పులు వేరుగా ఉండేవి. మా ఇంట్లో విలువైనదేదీ నేల మీద ఉండేది కాదు. బియ్యం, బట్టలు, పరిశుద్ధ గ్రంథము, ఇంటి కాగితాలు అన్నీ నెత్తికి పైన. మా నాన్న చేత గోడకు బల్లచెక్కలు కొట్టించి అటక చేయించింది. ఉట్టి అయితే సరేసరి. మూలన కొబ్బరిపీచు మోకు ఒకటి చుట్ట చుట్టి ఉండేది, దానిని దేనికీ వాడనిచ్చేది కాదు. ఇంటి వెనక ఒక తాటిదుంగకు గాట్లు కొట్టించి శ్లాబుకు ఏటవాలుగా ఆనించింది. మా పిల్లలందరికీ అదే ఆట. ఎక్కటం, జారటం, మోకాళ్లు గీసుకోవటం. ప్రతి సంవత్సరం క్రిస్మసుకు ముందు ఇంటికి సున్నం కొట్టినప్పుడు ఆ దుంగ కదులుతుందేమో అమ్మే స్వయంగా ఊపి చూసేది. మేము పడిపోతామని చూస్తోందనుకునేవాడిని.

1990 మే నెలలో మళ్లీ పెద్ద తుపాను కృష్ణ ముఖం దగ్గరే తీరం దాటింది. అప్పటికి తుపాను షెల్టర్లు వచ్చాయి. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు గనుక పోయిన ప్రాణాలు 1977తో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ. నాకు పదేళ్లు. అటక మీది మూట దించి మమ్మల్ని షెల్టరుకు తీసుకెళ్లటానికి అమ్మకు ఎంతోసేపు పట్టలేదు. స్తంభాల మీద నిలబెట్టిన ఆ కట్టడాన్ని, దాని బయటి మెట్లను ఆమె చేత్తో తడిమి చూడటం నాకు గుర్తుంది.

తరువాత నేను వేదాంత విద్యలో డిప్లొమా చేసి, సేవలో ప్రవేశించి, వివాహం చేసుకున్నాను. నా భార్యది గుడివాడ వైపు. వాళ్ల అమ్మగారు వంటగదిలో ప్రతి వస్తువూ చేతికందేలా పెట్టేవారట, తోమిన ఇత్తడి గిన్నెలు నడుమెత్తు అలమరలో వరుసగా. కొత్త కాపురంలో మా మొదటి తగవు దాని మీదే. నేను గిన్నెలన్నీ పైఅరలో పెడితే ఆమె కిందికి దించేది. "ఇంత ఎత్తున పెడితే ఎవరు అందుకుంటారండీ?" అని అడిగేది. "అలాగైతేనే ఇల్లు నీటుగా ఉంటుంది" అనేవాడిని. అది నా అభిరుచి అనే నమ్మాను. రెండు ఊళ్ల తల్లులిద్దరూ మా ఇరుకు వంటగదిలో పోట్లాడుకుంటున్నారని మాకు తోచలేదు.

2018లో దేవుని కృపచేత మాకంటూ ఇల్లు కట్టుకున్నాము. నేను సేవ చేసే గ్రామం తీరానికి ఏడెనిమిది కిలోమీటర్లు ఎగువన ఉంది. ప్లాను నేనే గీశాను. పెద్ద హాలు, అద్దాల షోకేసు, వాష్ బేసిన్. శ్లాబుకు పిట్టగోడ కూడా కట్టించాను. ఎందుకంటే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, క్రొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే అక్కడినుంచి పడినవాని రక్తం ఆ ఇంటిమీదికి వస్తుందని ఉంది. ఆ భాగం మీద ఎన్ని గృహప్రతిష్ఠలలో ప్రసంగించానో! మెట్లు మాత్రం కట్టించలేదు. నలభై వేలు మిగిలాయి. అవి షోకేసుకు పోయాయి. ఎవరూ ఎక్కలేని మేడకు పిట్టగోడ కట్టిన వాక్య సేవకుణ్ణి నేను.

అప్పటికి నాన్న ప్రభువునందు నిద్రించి రెండేళ్లయింది. అమ్మ మా దగ్గర ఉండటానికి వచ్చింది. హాలు చూసింది, వంటగది చూసింది, వెనకవైపు వెళ్లి ఇల్లంతా చుట్టి వచ్చింది.

"మెట్లేవిరా అబ్బాయ్?"

"నిచ్చెన ఉందిగా అమ్మా."

"చంకలో బిడ్డ ఉన్నది నిచ్చెన ఎక్కుతుందా?"

మా ఇంట్లో చంకబిడ్డలెవరున్నారు అని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రాత్రి లోపల పడుకోలేదు. వరండాలో చాప వేసుకుంది. మర్నాడూ అంతే. నాలుగో రోజు నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. కొత్త ఇంట్లో తల్లి వరండాలో పడుకుంటే సంఘస్తులు ఏమనుకుంటారోనని నా బాధ, దాచటమెందుకు.

అప్పుడు చెప్పింది. నాకు ముందు ఒక అక్క ఉండేదని తెలుసు గాని, ఎలా పోయిందో అమ్మ ఎన్నడూ నోరు విప్పలేదు. ఆ శనివారం సాయంత్రం గాలికి పాక కప్పు లేచిపోయింది. ఊళ్లో మేడ ఒక్కటే. జనం అక్కడికి పరుగెత్తారు. ఆ మేడకు మెట్లు లోపలినుంచి. తలుపు గడియ వేసి ఉంది. "ఆయన చెడ్డవాడు కాదురా, గాలికి భయపడి వేసుకున్నాడు. మేం కొట్టిన చప్పుడు ఆ హోరులో ఆయనకి వినపడి ఉండదు" అంది అమ్మ. తలుపు కొడుతూ ఉండగానే నీళ్లు వచ్చాయి. అమ్మ తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుంది. ముళ్లు చేతుల్లో దిగినా వదలలేదు. ఏడాదిన్నర పిల్ల మాత్రం నిలవలేదు.

తాటిదుంగ ఎందుకో, మోకు ఎందుకో, ఉట్టి ఎందుకో ఒక్కసారిగా అర్థమయింది. నలభై ఏళ్లు ఆమె ఇంటిని సర్దుతూ నాకు చెబుతూనే ఉంది. నేను గిన్నెలు పైఅరలో పెట్టటం నేర్చుకున్నాను, పైకి వెళ్లే దారి మరచిపోయాను. ఆమె కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఇందులో తప్పు ఎవరిది అంటే నాదే అంటాను. అయినా తల్లులకు కూడా ఒక మనవి ఉంది. మీరు ఇంట్లో ఒక వస్తువును ఒక చోటే ఎందుకు పెడతారో ఎప్పుడైనా పిల్లలతో చెప్పండి. చెప్పటం కష్టమని నాకిప్పుడు తెలుసు.

రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయంలో షూనేము ఊరి ఘనురాలు మనకు తెలిసినదే. ఎలీషా కోసం మేడగది కట్టిద్దామని భర్తతో చెప్పి, అందులో మంచము, బల్ల, పీట, దీపము ఉండాలని ఆమే ఎంచింది. ఇన్నాళ్లూ దాని మీద అతిథి సత్కారం గురించే ప్రసంగించాను. అదే అధ్యాయంలో ఆమె కుమారుడు ఒడిలోనే చనిపోతే ఆమె నేరుగా ఎక్కింది ఆ మేడగదికే, బిడ్డను పడుకోబెట్టింది ఆ మంచం మీదే. పరాయివాని కోసం కట్టిన గది ఆమెకు అక్కరకు వచ్చింది.

ఇంకొక పాస్టరు ఇంటి సంగతి కూడా గుర్తొచ్చింది. 1709 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ గ్రామంలో సుసన్నా వెస్లీ గారి ఇల్లు రాత్రివేళ అంటుకుంది. లోపలి మెట్లు మంటల్లో ఉన్నాయి. పైగదిలో మిగిలిపోయిన అయిదేళ్ల జాన్‌ను, ఒక మనిషి భుజాలమీద ఇంకొక మనిషి నిలబడి కిటికీలోనుంచి అందుకున్నారు. మెథడిస్టు ఉద్యమం ఆ రోజు రెండు భుజాల మీద నిలిచిందనవచ్చు.

మెట్లు కట్టించటానికి సిద్ధపడ్డాను. హాలులోనుంచి వేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. బయటినుంచి, అదీ దారి వైపు నుంచి, గేటుతో పని లేకుండా ఉండాలంది. "దొంగలెక్కుతారు అత్తయ్యా" అంది నా భార్య. "ఎక్కనీ అమ్మా, మిద్దె మీద ఏముంటాయి, నా మిరపకాయలు తప్ప" అంది అమ్మ. ప్రహరీ కొంత పడగొట్టవలసి వచ్చింది. మెట్టు ఆరంగుళాలకు మించకూడదని, ముసలివాళ్లూ పిల్లలూ చీకట్లో తడబడకూడదని పట్టుబట్టింది. ఏడంగుళాలైతే పదిహేడు మెట్లతో పోతుందని మేస్త్రి ఎంతో చెప్పి చూశాడు. ఇరవై మెట్లు వచ్చాయి. నా మోటారు సైకిలు పెట్టుకునే చోటు పోయింది. యౌవనస్థులు ఇసుక మోసి సాయపడ్డారు. శ్లాబు మీద కూర పోసిన సాయంత్రం అమ్మ చాప లోపలికి తెచ్చుకుంది... లేదు, తప్పు రాశాను. మెట్లు ఆరి, తాను మూడుసార్లు ఎక్కి దిగాక తెచ్చుకుంది.

ఆ మెట్లమీద ఇప్పుడు ఎండుచేపలు, మిరపకాయలు, చదువుకునే ఆడపిల్లలు. ఎదురింటివారు అడగకుండానే ఎక్కుతారు. మొదట్లో నాకు కొంచెం చిరాకు వేసేది కూడా.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు నేను సంఘంలోని వృద్ధులను సురక్షితమైన చోటుకు చేర్చే పనిలో తిరిగి, చీకటి పడ్డాక తడిసి ఇంటికి వచ్చాను. మా చిన్నమ్మాయికి అప్పటికి పదకొండేళ్లు. మెట్లమీది చాటలు, బుట్టలు, పూలకుండీలు అన్నీ తీసి పక్కకు పెట్టి, చీపురుతో నీళ్లు నెట్టుతోంది. పై మెట్టు దగ్గర పిట్టగోడకు మోకు కట్టి ఉంది. "నాయనమ్మ చెప్పిందా?" అని అడిగాను.

"లేదు నాన్నా, నాయనమ్మ పడుకుంది" అని, నన్ను పక్కకు జరగమని, నేను నిలబడ్డ మెట్టు కూడా ఊడ్చింది.